చర్చిలో పని చెయ్యమంటున్నారు, ఒప్పుకోనా? అని అడిగిన అమ్మాయికి

అమ్మా, నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పెళ్ళయి విజయవాడ వచ్చి ఏడాది. బ్యాంకులో ఉద్యోగం. అత్తగారి వాళ్ళది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. నీకు కీబోర్డు కాస్త వచ్చని తెలిసి పాస్టర్ గారు పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పే సండే స్కూలూ, పాటల బృందం క్వయరూ రెండూ చూడమన్నారు. "బ్యాంకు అమ్మాయివి కదా" అని ఆదివారం కానుకల లెక్క కూడా నీకే అప్పగించేలా ఉన్నారు. కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు ఉంటుందని భయం, అవునంటే ఇల్లూ ఉద్యోగం ఏమైపోతాయోనని టెన్షన్. అసలు ఈ పనిలో ఏం దొరుకుతుంది, ఒప్పుకోవాలా వద్దా, చేసినవాళ్ళెవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి అన్నావు.

సూటిగా చెప్తాను. సండే స్కూల్ ఒప్పుకో. క్వయర్ ఈ ఏడాదికి వద్దను. లెక్కలు ఒక్కదానివే ఎప్పుడూ ఒప్పుకోకు. ఎందుకంటున్నానో కింద రాస్తున్నా. కాస్త పొడుగే, తీరిగ్గా చదువుకో.

నేను ఒక బిషప్ గారి కిందుండే కృష్ణా-గోదావరి డయోసిస్‌లో ఒక మామూలు ఊరి సంఘంలో సండే స్కూల్ టీచరుగా మొదలుపెట్టి, సంఘంలో ఆడవాళ్ళ బృందమైన స్త్రీల మైత్రికి సెక్రటరీగా, తర్వాత పాస్టరేట్ (ఒక పాస్టర్ గారి కిందుండే సంఘాల) కమిటీలో మెంబరుగా చేశాను. బడిపంతులమ్మగా రిటైరయ్యాను. అంటే వారమంతా పిల్లలే, ఆదివారమూ పిల్లలే. కాబట్టి ఇందులో తీపి ఎంతో, అలసట ఎంతో రెండూ తెలుసు.

చర్చి పనిలో అసలు చిక్కు పని ఎక్కువుండటం కాదు. ఆఫీసులో పని మీద పడితే మేనేజరుని తిట్టుకుంటాం, లీవు పెడతాం. ఇక్కడ పని మీద పడితే మన భక్తే తగ్గిందేమో అని మనల్ని మనమే అనుమానించుకుంటాం. అడిగేవాళ్ళకు కూడా ఇది తెలుసు. చెడ్డ ఉద్దేశంతో కాదు, వాళ్ళకి మనుషులు దొరకరు. ఒకసారి "సరేనండీ" అన్నవాళ్ళ దగ్గరికే రెండో పనీ, మూడో పనీ నడిచి వస్తాయి. ఏ సంఘంలోనైనా చూడు, పండక్కి కుర్చీలు వేసేవాళ్ళు, పిల్లలకు పాటలు నేర్పేవాళ్ళు, గిన్నెలు లెక్కపెట్టేవాళ్ళు ఆ నలుగురే ఉంటారు. మిగతావాళ్ళు "చాలా బాగా జరిగిందండీ" అని చెప్పి వెళ్ళిపోతారు.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీసి చదువు. ఆదిసంఘంలో వచ్చిన తొలి తగవుల్లో ఒకటి భోజనాల దగ్గరే. రోజూ పంచే భోజనంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. సంఘాన్ని నడిపే అపొస్తలులు, అంటే యేసు శిష్యులు, ఏం చేశారు? "మీకు విశ్వాసం తక్కువ" అని గదమలేదు. వాళ్ళే భుజానికెత్తుకోనూ లేదు. ఏడుగురిని ఏర్పరచమని సంఘానికే చెప్పి పని వాళ్ళ చేతికిచ్చేశారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవాళ్ళలోంచే మనుషుల్ని తీసుకున్నట్టున్నారు. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికంటే నచ్చేది అదే. నీకు ఎవరైనా "ప్రార్థన చేసుకో అమ్మా, బలం వస్తుంది" అని మాత్రమే చెప్పి ఇంకో పని చేతిలో పెడితే ఈ అధ్యాయం గుర్తు చెయ్యి. మర్యాదగానే చెయ్యి.

ఇంకోవైపు కూడా చెప్పాలి. మన తెలుగు సంఘాలు నిలబడిందే జీతం లేని మనుషుల మీద. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన ఆయన, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళచేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాట చెప్పించేవారని పెద్దవాళ్ళు చెప్తారు. చదువు రాని కూలీలు సైతం పక్క ఊళ్ళకు నడిచివెళ్ళి పాటలు పాడి వచ్చేవారు. అయ్యగారు (పాస్టర్ గారు) ఒక్కరే నెల తిరిగేసరికి చాలా ఊళ్ళు చూసుకోవాల్సి వచ్చే పాస్టరేట్లలో ఆదివారం ఆరాధన ఆగకుండా నడిపింది సంఘపెద్దలు, సండే స్కూల్ టీచర్లు, ఇంట్లో వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి చర్చికి తెచ్చిన ఆడవాళ్ళు. నీ అత్తగారిని అడుగు, ఆ బియ్యం డబ్బా సంగతి చెప్తారు. కాబట్టి పాస్టర్ గారు నిన్ను అడగడంలో తప్పేమీ లేదు. ఎంతవరకు అని నువ్వు అడగడంలోనూ తప్పు లేదు.

ఏం దొరుకుతుంది అని కదా నీ మొదటి ప్రశ్న. మనశ్శాంతి, ఆశీర్వాదం లాంటి మాటలు ప్రసంగాల్లో వింటూనే ఉంటావు, నేను చెప్పక్కర్లేదు. నాకు దొరికిన పెద్ద సంగతి ఒకటి చెప్తా. సంఘంలో ఒకరు పోయారని కబురొస్తుంది. రాత్రి తొమ్మిదైనా, పదైనా కొందరు లేచి బయల్దేరతారు. ఒకరు పెట్టె చేసేవాళ్ళకు కొలత చెప్తారు. ఒకరు ఐస్ బాక్స్‌కి ఫోన్ చేస్తారు. ఒకరు సమాధుల తోటలో జాగా చూసి గొయ్యి తవ్వేవాళ్ళను మాట్లాడతారు. ఈ రోజుల్లో జాగా దొరకడమే పెద్ద పని, పాత సమాధి పక్కన కొత్తది పట్టించడానికి రెండు కుటుంబాలతో మాట్లాడాలి. ఆడవాళ్ళం తిన్నగా వంటగదిలోకి వెళ్ళి టీ పెడతాం. పంచదార ఏ డబ్బాలో ఉందో అడగడానికి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడే స్థితిలో ఉండరు, మనమే మూతలు తీసి వెతుక్కోవాలి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో పిల్లలు వచ్చేవరకు తెల్లవార్లూ కీర్తనలు పాడుతూ కూర్చుంటాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారి పాటలు నాకు నోటికి వచ్చింది ఆ రాత్రుల్లోనే. సంతకం కూడా పెట్టలేని మామ్మలు పుస్తకం ముట్టకుండా అన్ని చరణాలూ పాడతారు. మూడో చరణంలో మనం తడబడితే వాళ్ళ గొంతే దారి చూపిస్తుంది. బంధువులు కాని మనుషుల ఇంటి వంటగదిలోకి అడక్కుండా వెళ్ళగలిగే చనువు ఇంకెక్కడా నాకు దొరకలేదు. కొత్త ఊరికి కాపురానికి వచ్చినదానివి, నీకు ఆ చనువు అవసరం పడుతుంది, నవ్వకు.

రెండోది పిల్లలు. ఆరాధన తొమ్మిదిన్నరకైతే సండే స్కూలు ఎనిమిదికి పెడతారు. సగంమంది టిఫిన్ తినకుండా వస్తారు, ఎనిమిదిన్నరకల్లా నీరసం. ఓ బిస్కెట్ ప్యాకెట్ల డబ్బా దగ్గరుంచుకో, ఖర్చు సంఘంచేత పెట్టించు. ఐదేళ్ళవాళ్ళకీ పన్నెండేళ్ళవాళ్ళకీ ఒకటే గది, ఒకటే కథ. దావీదు గొల్యాతుని చంపిన కథ అనగానే వెనక వరస "ఇది విన్నాం టీచర్" అంటారు. వాళ్ళకు కథ నువ్వు చెప్పకు, వాళ్ళచేత చిన్నవాళ్ళకు చెప్పించు. కంఠతవాక్యం (కంఠస్థం చేసిన బైబిలు వాక్యం) అప్పజెప్పించుకునే పని కూడా పెద్దపిల్లలకే ఇవ్వు. ఓ చిన్నపిల్ల ఒకసారి "గొల్యాతు వాళ్ళమ్మ ఏడ్చిందా?" అని అడిగింది. గైడు పుస్తకంలో దానికి జవాబు లేదు. ఆ వారం పాఠం అటు తిరిగిపోయింది, మంచిదే అయింది. బడిలో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, మార్కుల గొడవ లేకుండా పిల్లలతో మాట్లాడే వీలు నాకు ఆదివారమే దొరికింది. మైకు ముందు మొదటిసారి నిలబడి వాక్యం చదివిన పిల్లలు తర్వాత కాలేజీలో, ఇంటర్వ్యూలో నోరు పెగలక నిలబడిపోలేదు. అది నేను కళ్ళారా చూశాను.

మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) వస్తుంది. క్రైస్తవులు కాని ఇళ్ళ పిల్లలూ వస్తారు. పాటలూ ఆటలూ రంగుపెన్సిళ్ళూ కదా, వీధిలో పిల్లలంతా వస్తారు. రిజిస్టర్లో పేరు రాసేటప్పుడే తల్లినో తండ్రినో పిలిచి ఏం నేర్పుతామో చెప్పి సంతకం తీసుకో. "ఎందుకమ్మా, పంపించారుగా" అంటారు మనవాళ్ళు. తీసుకో. దాపరికం లేకపోతే వాళ్ళకూ మనకూ హాయి.

పిల్లల దగ్గర ఇంకో విషయంలో నేను మొహమాటపడను. తలుపులు తెరిచే ఉండాలి, గదిలో ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, ఇళ్ళకు దిగబెట్టే ఆటోలో ఒక్క పిల్లనే ఒక మగమనిషితో పంపకూడదు, ఆ మనిషి ఎంత మంచివాడైనా. ఎప్పుడైనా ఏ బిడ్డయినా ఒంటిమీద చెయ్యి వేసిన సంగతి నీతో చెబితే, అది కమిటీలో మాట్లాడి సర్దే వ్యవహారం కాదు. పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెట్టడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. "సంఘం పరువు" అనే మాట అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. ఆ మాటకు లొంగకు.

ఇక లెక్కలు. ఆరాధన అయ్యాక వెస్ట్రీలో (చర్చి పక్క గదిలో) బల్ల మీద కానుక సంచీ బోర్లిస్తారు. పది రూపాయల నోట్లు మడతలు పడి, కొన్ని తడిసి ఉంటాయి, వాటిని చేత్తో సాపుచేసి పేర్చాలి. కవర్లు వేరు. ఒకదాని మీద "బాబుకి జ్వరం తగ్గినందుకు, 50" అని ఉంటుంది, ఇంకోదాని మీద "ఇల్లు స్లాబు పడినందుకు", పేరుండాల్సినచోట "ఒక సహోదరి" అని మాత్రమే. ఆ కవర్లు చదువుతుంటే సంఘం ఎంత కష్టంలోంచి ఇస్తోందో అర్థమవుతుంది. అందుకే ఆ డబ్బు మీద ఒక్క మాట రాకూడదు. ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఏ నోటు ఎన్నో రాయాలి, ఇద్దరూ అక్కడే సంతకం పెట్టాలి, సోమవారం బ్యాంకులో కట్టాలి. సంచీ ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఇప్పుడు స్కానర్లు వచ్చాయి కదా, చర్చి ఖాతా మీద కాకుండా ఎవరిదో సొంత ఫోన్ నంబరు మీద ఉన్న స్కానర్ బల్ల మీద కనబడితే, దాన్ని మార్చేవరకు ఆ లెక్కలో నువ్వు వేలు పెట్టకు. అపనమ్మకం అనుకుంటారేమో అని సందేహించకు. యెరూషలేములోని విశ్వాసుల కోసం పోగుచేసిన చందా తీసుకెళ్ళేటప్పుడు పౌలంతటివాడే తీతునీ, ఇంకో ఇద్దరు సహోదరులనీ ఆ పనిమీద పంపాడు. ఎవరూ తప్పు పట్టకూడదు, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా అన్నాడు. రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉంది.

కోతల పండుగనాడు సంఘంవాళ్ళు కానుకగా తెచ్చిన సరుకుల వేలంపాట దగ్గర సరదా చాలా ఉంటుంది. బూడిద గుమ్మడికాయ, నాటుకోడి, మొదటి పనసకాయ అన్నీ పాటకొస్తాయి. పంతానికి పోయి వందల సరుకుని వేలకు పాడతారు, అందరం చప్పట్లు కొడతాం. మర్నాటి నుంచి ఆ వేలు వసూలు చేసేది ట్రెజరరు. అడిగితే "పారిపోతామా" అంటారు, అడక్కపోతే ఆడిట్‌లో బాకీగా కనబడుతుంది. ఆ పని కొత్తకోడలి చేత చేయించడం అన్యాయం. బ్యాంకులో పని చేస్తున్నావు గనక ఒక మంచి పని చెయ్యొచ్చు: రిజిస్టరు ఎలా రాయాలో ఇద్దరు కుర్రవాళ్ళకి నేర్పి పక్కకి తప్పుకో.

క్వయర్ ఎందుకు వద్దన్నానంటే డిసెంబరు వల్ల. ప్రాక్టీసులు నవంబరులోనే మొదలవుతాయి. తర్వాత ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్ రౌండ్స్, పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, పిల్లల డ్రామా, క్రిస్మస్ ఆరాధన, వారం తిరక్కుండా డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన. రౌండ్స్‌లో ప్రతి ఇంట్లోనూ టీ, కేకు, ఓ చోట పులిహోర. వద్దంటే వాళ్ళు నొచ్చుకుంటారు, తింటే మనకి నిద్ర రాదు. కొన్నిచోట్ల రెండింటిదాకా తిరుగుతారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకరు వాడకూడదని 2000 నుంచీ నిబంధన ఉంది, అది మనకీ వర్తిస్తుంది. నిద్రపోయే పక్కింటివాళ్ళకు క్రీస్తు పుట్టాడని మైకులో చెబితే వాళ్ళకు సంతోషం ఏం కలుగుతుంది చెప్పు! ఇంతలో నీ ఉద్యోగానికి డిసెంబరు క్వార్టర్ ఎండింగ్. సండే స్కూలూ క్వయరూ రెండూ పట్టుకుంటే నెలాఖరుకి గొంతూ పోతుంది, ఓపికా పోతుంది, పండగనాడు ఆరాధనలో కూర్చుని కునుకు తీస్తావు. అలా చేసీ చేసీ అసలు చర్చికి రావడమే మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు విశ్వాసం పోగొట్టుకోలేదు, ఆదివారం అంటేనే గుండె గుభేలుమనే స్థితికి వచ్చారు.

డ్రామా అన్నాను కదా. మరియమ్మ వేషం ఎవరికిస్తావన్నది చిన్న విషయం అనుకోకు. కమిటీ మెంబరు మనవరాలికి ఇస్తే ఒక మాట, ఇవ్వకపోతే ఇంకో మాట. పిల్లల ముందే చీటీలు వేసి తియ్యి. దీని వెనక ఉన్నది కూడా దాచకుండా చెప్తాను. మన సంఘాల్లో చాలా కుటుంబాలు మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవే. కొన్నిచోట్ల ఆ రెండు పేటల మధ్య దూరం గుడిలోపలికీ వచ్చి కూర్చుంది. వేరే కులాల నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళ పట్టింపులు వాళ్ళు తెచ్చుకున్నారు. కమిటీ ఎలక్షన్లప్పుడు ఇదంతా పైకి తేలుతుంది. నువ్వు ఫలానావారి కోడలివి గనక నీ ఓటు, నీ మాట, నీ చిరునవ్వు కూడా ఒక వర్గం ఖాతాలో రాసేస్తారు. సండే స్కూల్ టీచరుకి దీన్నుంచి తప్పించుకోవడం కాస్త తేలిక. ఎవరింటికి వెళ్ళినా పిల్లల కోసం వచ్చిందనే అనుకుంటారు. కాబట్టి అందరిళ్ళకూ వెళ్ళు, అందరిళ్ళలోనూ మంచినీళ్ళు తాగు. ఎలక్షన్ల నెలలో ఎవరి తరఫునా ఫోన్లు చెయ్యకు, మీ మామగారు పోటీలో ఉన్నా సరే.

ఫోటోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాప్తిస్మం ఫోటోలు, వీబీఎస్ ఫోటోలు వెంటనే వాట్సాప్ గ్రూపుల్లోకి, ఫేస్‌బుక్కులోకి ఎక్కించే అలవాటు మన యూత్‌కి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఫోటో బయటపడితే ఆ హోదా పోతుందేమోనని, ఆ ఒక్క కారణంతోనే ఎన్ని ఇళ్ళలో ఎన్ని భయాలున్నాయో నీకు బయటినుంచి కనబడదు. ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా ఆరాధనకు వచ్చే ఆడపిల్లలూ ఉంటారు. ఎవరు ఎందుకు ఫోటోలో పడనంటున్నారో ఆరా తీయకు. అడగకుండా ఎవరి బొమ్మా పెట్టకు.

ఆడవాళ్ళ పని గురించి ఒక్క మాట, ఇది నా సొంత గొడవ. 2013లో నంద్యాల డయోసిస్‌కి ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్. అయినా మన ఊళ్ళలో ఆడవాళ్ళ సేవ అంటే ఇప్పటికీ ముగ్గులు, కర్టెన్లు, వంట, గిన్నెలే. వంట తక్కువ పని అని నేననను. కానీ సంఘ భోజనాలనాడు మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా వడ్డించి, ప్రసంగం ఒక్క ముక్క వినకుండా ఇంటికి వచ్చే ఆడవాళ్ళని నేను చాలామందిని చూశాను. మా స్త్రీల మైత్రిలో పట్టుబట్టి గిన్నెలు కడిగే వంతు యూత్ కుర్రాళ్ళకు వేయించాం. మొదట్లో నవ్వారు. ఇప్పుడు వాళ్ళే పాటలు పెట్టుకుని తోముతున్నారు. సగం గిన్నెలకి జిడ్డు పోదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ముందు మీ ఆయనతో కూర్చుని మాట్లాడుకో. ఆదివారం పొద్దున్న ఆరున్నరకి నువ్వు ఇంట్లోంచి కదలాలంటే టిఫిన్ ఎవరు చేస్తారు, రేపు బిడ్డ పుడితే ఎలా అన్నది ముందే తేల్చుకోండి. తర్వాత అత్తగారికి చెప్పు. అయ్యగారు చెప్పాక ఆవిడకు తెలిస్తే అనవసరపు పేచీ, ముందు నువ్వు చెబితే ఆవిడే నీ తరఫున మాట్లాడతారు. ఆ తర్వాత నువ్వూ మీ ఆయనా కలిసి అయ్యగారి దగ్గరికి వెళ్ళండి. ఆరాధన అయిన హడావిడిలో గుమ్మం దగ్గర కాదు, వారం మధ్యలో ఇంటికి వెళ్ళండి, ఆయన భార్య, అమ్మగారు కూడా ఉంటే మేలు. "అయ్యగారూ, సండే స్కూల్ వచ్చే మే దాకా చేస్తాను, నాతో ఇంకో టీచరు ఉండాలి, నెలలో ఒక ఆదివారం నాకు సెలవు కావాలి, మే తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం" అని చెప్పు. గడువు చెప్పి ఒప్పుకున్న పనిలోంచి మర్యాదగా బయటికి రావచ్చు, గడువు లేని పనిలోంచి పోట్లాడి రావాల్సిందే. క్వయర్ గురించి అడిగితే ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన ఒక్కదానికి కీబోర్డు వాయిస్తానను, వాళ్ళకీ తోడుగా ఉన్నట్టుంటుంది. ఆయన కాస్త మొహం చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వు, వచ్చే ఆదివారానికి మామూలైపోతారు. ఆయనకీ మనుషులు కావాలి, నీలా ముందే లెక్క చెప్పేవాళ్ళు ఆయనకు పెద్దగా దొరకరు.

రెండో టీచరు ఎవరూ లేరంటే, పదో తరగతి దాటిన ఆడపిల్లల్లో ఒకరిని అడుగు. వాళ్ళని ఎవరూ అడగరు, అడిగితే ఎగిరి గంతేస్తారు. గైడు పుస్తకాలు ఇద్దరికీ విడివిడిగా తెప్పించమను, ఒకటే పుస్తకం ఇచ్చి పంచుకోమంటారు, వినకు.